బెంచీ దాకా

ఆమె మొదటి రోజే నా మీద కంప్లెయింట్ ఇచ్చింది.

నేను పార్కులో వడ్రంగిని. ఇళ్ళ వరసలు అయిపోయి బస్సులు వెనక్కి తిరిగే చోట ఉంటుంది మా పార్కు. సగం నడకబాటలు, సగం చిత్తడి నేల. ఆ చిత్తడి మీదుగా చెక్కలతో కట్టిన బాట ఒకటుంది. రెండు పక్కలా మనిషెత్తు జమ్ము, జమ్ము మధ్య మడుగులు, మడుగుల్లో కొంగలు. ఆ బాటలో ప్రతి చెక్కా నా చేతుల మీదుగా పోయిందే. ఏ చెక్క ఎన్ని వానలకి ఉబ్బుతుందో నిద్రలో అడిగినా చెబుతాను. అలాంటి బాట మీద కంప్లెయింట్ అనేసరికి నాకు ఒళ్ళు మండింది.

సూపర్‌వైజర్ గారి గదిలోకి వెళ్ళేసరికి ఆమె చేతిలో స్కేలు పట్టుకుని నిలబడి ఉంది. పక్కన కుర్చీలో వాళ్ళ నాన్నగారు, ఆయన ఒళ్ళో చేతికర్ర.

"చెక్కకీ చెక్కకీ మధ్య పన్నెండు మిల్లీమీటర్ల సందుంది," అంది నన్ను చూడగానే. "కర్ర అందులో ఇరుక్కుని మా నాన్న పడబోయారు."

"నీళ్ళు కిందికి జారాలంటే సందుండాలండీ. లేకపోతే చెక్కలు ఉబ్బి పైకి లేస్తాయి."

"చెక్కలు లేవకుండా ఉండాలని మనుషులు పడాలా?"

సూపర్‌వైజర్ గారు కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టారు. ఇలాంటప్పుడు ఆయనకి కిటికీ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది.

నేను ఆమెతో వాదించకుండా పెద్దాయన కర్ర అందుకుని తిప్పి చూశాను. చివరనున్న రబ్బరు అరిగిపోయి లోపలి రాడ్ బయటికి వచ్చేసింది. నా పెట్టెలో కుర్చీ కాళ్ళకి వేసే రబ్బరు తొడుగులు ఉంటాయి. ఒకటి తీసి బిగించి ఇచ్చాను. ఆయన కర్రని నేల మీద రెండుసార్లు తాటించి చూసుకున్నారు.

"కొలత తీయకుండానే సరిపోయిందే. మా షాపులో ఉండాల్సినవాడివి బాబూ," అన్నారు.

ఆయన టైలర్. ముప్పై ఐదేళ్ళు సొంత షాపు నడిపారు. నాలుగు నెలల క్రితం మెట్ల మీద జారిపడి తుంటి విరిగింది. ఆపరేషన్ అయ్యాక కత్తిరింపు బల్ల ముందు పది నిమిషాలు నిలబడలేక షాపు మూసేశారు. అందరూ ఆయన్ని మాస్టర్ గారు అనేవాళ్ళు, నేనూ అదే పిలుపు అందుకున్నాను. ఆమె ఫిజియోథెరపిస్ట్. ఆస్పత్రిలో పదిమందిని నడిపించే మనిషి సొంత తండ్రిని నడిపించలేక అవస్థ పడుతోంది.

ఆమెకి మాత్రం మనసులో స్కేలు అని పేరు పెట్టుకున్నాను. కోపంగానే పెట్టాను. ఆ కోపం వారం కూడా నిలవలేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఎందుకంటే మర్నాటి నుంచీ రోజూ వచ్చారు. పొద్దున్నే ఎనిమిదింటికి ఆటో దిగి, గేటు దాటి, నా చెక్కబాట ఎక్కేవాళ్ళు. నేను సందుల్లో సన్నటి చెక్క బద్దలు దిగ్గొడుతూ మోకాళ్ళ మీద ఉండేవాణ్ణి. ఆమె ఆగి, వంగి చూసేది.

"ఇవాళ ఎన్ని మిల్లీమీటర్లు?"

"ఆరు."

"రేపటికి?"

"స్కేలు తెచ్చుకుని చూసుకోండి. మీ దగ్గర ఉందిగా."

ఆమె మూతి ముడుచుకుని వెళ్ళిపోయేది. పది అడుగులు వేశాక భుజాలు కదిలేవి. నవ్వుతోందని నాకు వెనక నుంచే తెలిసిపోయేది.

అసలు గొడవ ఆమెకీ నాన్నకీ మధ్య ఉండేది. గేటు నుంచి అరవై మీటర్ల దూరంలో మడుగు వైపు తిరిగి ఒక బెంచీ ఉంది. మాస్టర్ గారు అక్కడిదాకా నడుస్తారు, కూర్చుంటారు, ఇక ఆయన్ని దేవుడు కూడా కదిలించలేడు.

"ఇంకో పది అడుగులు నాన్నా."

"బెంచీ దాకా అన్నావు. బెంచీ వచ్చింది."

"నిన్న కూడా ఇంతేగా?"

"నిన్న కూడా బెంచీ ఇక్కడే ఉంది కదమ్మా."

రోజూ ఇదే వరస. ఆమె బతిమాలేది, బెదిరించేది, చివరికి ఆయన పక్కనే కూర్చుని నీళ్ళవైపు చూస్తూ ఉండిపోయేది. ఆ చూపు నేను భరించలేకపోయాను. అంతే, అందులో నా గొప్పతనం ఏమీ లేదు.

మా చిత్తడిలో బెంచీలని నేలలో పాతిపెట్టం. వానాకాలం నీళ్ళు పెరిగితే వెనక్కి జరపాలి గనక నాలుగు రాతి పలకలు పరిచి వాటి మీద కూర్చోబెడతాం. బాట పక్కన గట్టి మన్ను కట్ట పొడుగునా ఎక్కడ కావాలంటే అక్కడికి జరుపుకోవచ్చు. ఒకరోజు సాయంత్రం పని అయిపోయాక ఆ బెంచీని ఒక మీటరు ముందుకి జరిపాను.

మర్నాడు మాస్టర్ గారు వచ్చారు, బెంచీ దాకా నడిచారు, కూర్చున్నారు. ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆ సాయంత్రం ఇంకో మీటరు జరిపాను.

అక్కడ రెండు పక్కలా జమ్మే, వేరే గుర్తు ఏమీ ఉండదు. ఆమె చూపు ఎప్పుడూ నాన్న పాదాల మీదా, ఫోన్‌లో నడిచే గడియారం మీదా ఉండేది. కూర్చోగానే సంచిలోంచి నీలం అట్ట నోట్‌బుక్ తీసి ఏదో రాసుకునేది. అదేమిటో నేను అడగలేదు. బెంచీ సంగతి ఆమె కూడా అడగలేదు, నేనూ చెప్పలేదు. చెబితే రెండో కంప్లెయింట్ వస్తుందని ఒక భయం. పెద్దాయనకి తెలిస్తే మొండికేస్తారని ఇంకో భయం. వీటన్నిటికంటే, ఆమెకి తెలియకుండా ఆమెకి ఒక మేలు చేస్తున్నానన్న ఆనందం ఉందే, దాన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

ఏడు వారాలు గడిచాయి. జమ్ము పూతకొచ్చింది. మేం మిల్లీమీటర్లు దాటి ఇతర విషయాలు మాట్లాడుకోవడం నేర్చుకున్నాం. అమ్మ పోయాక ఇంట్లో తనూ నాన్నా మేనత్తా ఉంటారని చెప్పింది. ఆమె నవ్వితే ఎడమవైపు ఒక పన్ను కొంచెం ముందుకి వస్తుంది. ఆ పన్ను కోసం నేను ఎన్ని పిచ్చి మాటలు మాట్లాడానో నాకే తెలుసు.

ఒకరోజు మాస్టర్ గారు బెంచీ మీద కూలబడి ఊపిరి పీల్చుకుంటూ, "ఈ బెంచీ రోజురోజుకీ దూరమైపోతోందే అమ్మడూ," అన్నారు.

పక్కనే బోల్టు బిగిస్తున్న నేను తేలు కుట్టిన దొంగలా తల దించుకున్నాను. ఆమె దొరకబుచ్చుకుంటుందేమో అనుకున్నాను. కానీ ఆమె ముఖం పక్కకి తిప్పుకుంది. కళ్ళు తుడుచుకుంటోందని గమనించాను. అప్పుడు కూడా నా మట్టిబుర్రకి ఏమీ తట్టలేదు.

అది తెలిసింది ఆ వారం చివర్లో, వాన పడ్డ రోజున. ఉన్నట్టుండి కురిసింది. ముగ్గురం పక్షుల్ని చూడడానికి కట్టిన చెక్కగదిలోకి దూరాం. దానికి కిటికీ బదులు ఎదుట గోడకి పొడుగాటి సందు ఉంటుంది. మాస్టర్ గారు ఆ చివర స్టూలు లాక్కుని వానలో తడుస్తున్న కొంగల్ని లెక్కపెట్టడంలో మునిగిపోయారు. రేకు కప్పు మీద వాన చప్పుడుకి పక్కమాట పక్కకి వినపడడం లేదు.

ఆమె చున్నీ అంచుతో ముఖం తుడుచుకుని నా పక్కన నిలబడింది. జుట్టు చివర నుంచి నీళ్ళు నా చేతి మీద పడుతున్నాయి. చెయ్యి తీయాలని నాకు అనిపించలేదు.

"మీకొకటి చూపించాలి. ఇంకెవరికీ చెప్పలేను," అని నోట్‌బుక్ తెరిచింది.

తేదీలు, పక్కన నిమిషాలు. పేజీలకి పేజీలు.

"గేటు నుంచి బెంచీ దాకా ఎంత సేపు పడుతోందో రాస్తున్నాను. మొదట్లో ఐదు నిమిషాలు. తర్వాత ఐదున్నర. పోయిన వారం ఆరున్నర. ఇవాళ ఏడు." ఆమె వేలు ఆ అంకె మీద ఆగింది. "అదే దూరం, రెండు నిమిషాలు ఎక్కువ. నాన్న తగ్గిపోతున్నారు. ఆయన భయపడతారని నేనేమీ అనడం లేదు."

ఆ రెండు నిమిషాలూ నేను జరిపిన బెంచీవే.

"ఇక్కడికి మూడు గంటల దూరంలో పెద్ద ఆస్పత్రి ఉంది. వెన్నెముక దెబ్బతిన్నవాళ్ళని నడిపించే విభాగం. ఏడాది కాంట్రాక్టు. ఐదేళ్ళ నుంచీ దాని కోసమే చూస్తున్నాను, ఇప్పుడొచ్చింది. నాన్న కొంచెం కోలుకున్నా అత్తకి అప్పజెప్పి వెళ్దామనుకున్నాను. ఈ అంకెలు చూసి ఎలా వెళ్తాను? రేపు పదింటికి ఫోన్ చేసి రానని చెప్పేస్తాను."

నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది. బెంచీ జరిపింది నేనండీ, అంతే, ఒక్క మాట. నోరు తెరిచాను కూడా.

"అయితే ఇక్కడే ఉంటారా?" అన్నాను.

"ఉంటాను. రోజూ వస్తాను. మీ మిల్లీమీటర్లు కొలుస్తాను," అని నవ్వబోయింది. ఆ పన్ను కనపడింది గానీ నవ్వు రాలేదు.

నేను నోరు మూసుకున్నాను. నోరు మూసుకుంటే ఆమె ఉంటుంది. తెరిస్తే వెళ్ళిపోతుంది. ఆ రోజు నేను ఎంత మంచివాణ్ణో నాకు బాగా అర్థమైంది.

ఇంటికొచ్చి గబగబా నాలుగు ముద్దలు తిని లేచాను. అమ్మ నన్నే చూస్తోంది.

"ఏం తప్పు చేసొచ్చావురా?"

"నీకెవరు చెప్పారు?"

"నీ కంచం నువ్వే కడుగుతున్నావు. చిన్నప్పుడూ ఇంతే, ఏదైనా పగలగొట్టిన రోజే కంచం కడిగేవాడివి."

మర్నాడు ఎనిమిదికి ముందే గేటు దగ్గర నిలబడ్డాను, చేతిలో యాభై మీటర్ల టేపు చుట్ట. ఆటో ఆగింది. ఆమె దిగి, నాన్నకి చెయ్యందించి, నన్ను చూసింది.

"ఏంటి, ఇవాళ మీరే కొలుస్తారా?"

"మీరు ఆ ఫోన్ చేయకండి," అన్నాను. "ఆ బెంచీ రోజూ జరుగుతోంది. జరిపేది నేనే. రోజుకో మీటరు, ఒక్కోరోజు ఇంకాస్త. మాస్టర్ గారు బెంచీ దాటి నడవడం లేదని బెంచీనే ముందుకి తీసుకెళ్ళాను. మీరు నిమిషాలు రాసుకుంటున్నారని నాకు నిన్నటిదాకా తెలియదు."

నేను ఆమె ముఖంలోకి చూడలేక ఆటో చక్రాల వైపు చూశాను.

"ఏడు వారాలు," అంది మెల్లగా. "ఏడు వారాల నుంచీ నేను బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడుస్తున్నాను, ఇంట్లో వాళ్ళకి వినపడకూడదని. మీరేమో నవ్వుకుంటూ బెంచీలు జరుపుతున్నారా? నడిపించడం నా పని. ఒక్క మాట నాతో అనాలని తోచలేదా?"

"తోచింది. భయమేసింది. నాకు మీ స్కేలంటే భయం."

"జోకులొద్దు."

"సరే."

వెనక నుంచి కర్ర తాటించిన చప్పుడు వినిపించింది. మాస్టర్ గారు ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నారు.

"నేను చెప్పలేదూ?" అన్నారు. "బెంచీ దూరమవుతోందని చెప్పాను. ముప్పై ఐదేళ్ళు టేపు మెడలో వేసుకుని తిరిగినవాణ్ణి, ఆ మాత్రం తేడా తెలియదా నాకు? ఎవరైనా నా మాట విన్నారా? ముసలాయనకి దిగులు పట్టుకుందనుకున్నారు. ఏదీ, ఆ టేపు ఇటివ్వు."

టేపు ఒక కొస ఆయనే పట్టుకున్నారు. గేటు దగ్గర నిలబడి, లాగి పట్టకు బాబూ, వదులుగానూ వదలకు, ఆ మలుపు దగ్గర అంచు వెంబడి రా అని నన్ను కుర్ర పనివాణ్ణి చేసేశారు. టేపు చాలక రెండుసార్లు గుర్తు పెట్టుకుని కొలిచాం. బెంచీ కాలు దగ్గర నేను అంకె చదివాను.

"నూట పన్నెండు మీటర్లు."

ఆమె నోట్‌బుక్ తీసి మొదటి పేజీ చూసింది, చివరి పేజీ చూసింది. పెదాలు కదులుతున్నాయి, లెక్క వేస్తోంది.

"అప్పుడు నిమిషానికి పన్నెండు మీటర్లు," అంది. "ఇప్పుడు పదహారు."

"అంటే?" అన్నారు మాస్టర్ గారు.

"అంటే నువ్వు బాగవుతున్నావు నాన్నా," అని ఆయన భుజం మీద తల ఆనించింది. ఈసారి కుళాయి లేకుండానే ఏడ్చింది. ఆయన ఆమె వీపు నిమురుతూ, నా వైపు చూసి, ఇక నువ్వు కాస్త అవతలికి వెళ్ళు అన్నట్టు కళ్ళతో సైగ చేశారు. వెళ్ళి మడుగు వైపు తిరిగి నిలబడ్డాను.

కాసేపటికి ఆమె నా వెనకే వచ్చింది.

"నిన్న వానలో నేను చెప్పినప్పుడే మీకు అర్థమైంది కదా?"

"అయింది."

"మీరు చెప్పకపోతే నేను ఇక్కడే ఉండిపోయేదాన్ని."

"తెలుసు. అందుకే నిన్న చెప్పలేదు."

"మరి ఇవాళ ఎందుకు చెప్పారు?"

ఎన్ని తిరుగుడు మాటలు ఉన్నాయో అన్నీ వెతికాను. ఒక్కటీ దొరకలేదు. ఉన్నదే చెప్పాను.

"మీరంటే నాకు ఇష్టం. చాలా రోజుల నుంచీ. మీరు ఇక్కడే ఉంటే బాగుండునని రోజూ అనుకుంటాను. కానీ తప్పు లెక్క చూసుకుని ఉండిపోతే, రోజూ మిమ్మల్ని చూస్తూ నేను ఆ బాట మీద తలెత్తుకుని తిరగలేను."

ఆమె ఫోన్ బయటికి తీసింది. టైము చూసుకుంది. పదికి ఇంకా గంటన్నర ఉంది. నోట్‌బుక్ నా చేతిలో పెట్టింది.

"నేను వెళ్ళాక ఇది మీరు రాయాలి. అత్తకి లెక్కలు రావు. దూరం, నిమిషాలు, ఊపిరి ఆడుతోందా లేదా. ఆదివారం ఆదివారం ఫోటో తీసి పంపాలి. ఇంకోటి, ఆ బెంచీ అంగుళం కూడా కదలకూడదు."

"కదలదు."

"ఇంకా కోపంగానే ఉన్నాను మీ మీద."

"ఉండండి," అన్నాను. కోపం కూడా పంపించమని అడగాలనిపించింది గానీ ఊరుకున్నాను.

పై వారం ఆమె బస్సెక్కింది. మాస్టర్ గారు ఆమె మేనత్తని వెంటబెట్టుకుని పార్కుకి వచ్చేవారు. నాలుగో రోజున బెంచీ దగ్గర ఆగారు. కర్రతో దాని కాలు ఒకసారి తట్టారు.

"ఇక కదలవా?" అన్నారు దాన్ని.

తర్వాత కూర్చోలేదు. బెంచీని దాటి నడిచారు. ఐదు అడుగులు, పది, పన్నెండు. నేను సుత్తి కింద పెట్టేసి అలాగే చూస్తుండిపోయాను. ఆయన వెనక్కి తిరిగి, "ఏం చూస్తావు, రాసుకో," అన్నారు.

రాశాను. అందులో అన్నీ అంకెలే ఉండాలి. కానీ నా చెయ్యి ఊరుకోదు కదా. "మంగళవారం. నూట ఇరవై మీటర్లు, ఏడు నిమిషాలు. ఊపిరి బాగుంది. మడుగులో కొంగ పిల్లలు మూడు. మీరు లేరు."

ఆదివారం జవాబొచ్చింది. "చివరి రెండు విషయాలు వైద్యానికి అవసరం లేదు. అయినా రాస్తూ ఉండండి."

మూడు నెలలు రాశాను. కొంగ పిల్లలకి ఈకలు రావడం రాశాను, వాన పడి చెక్కగది కప్పు కారడం రాశాను, నాకు ఏమీ తోచకపోవడం రాశాను. తనూ రాసేది. ఆరునెలలుగా మంచం దిగని పేషెంట్ తన భుజం పట్టుకుని నిలబడిన రోజున నాకు మొదట ఫోన్ చేసింది. ఆమె చోటు అక్కడే అని నాకు అర్థమైంది. ఏడాది అంటే పెద్ద దూరం కాదనీ అర్థమైంది.

మొదటి సెలవులకి ఆమె వస్తోందని తెలిసిన రోజు మాస్టర్ గారు ఆటో వద్దన్నారు. ఇంటి నుంచి నడిచి, పార్కు వెనక గేటులోంచి లోపలికొచ్చి, చిత్తడి బాట మొత్తం దాటి, ముందు గేటు దాకా వచ్చారు. ఆరు వందల మీటర్లు. మధ్యలో ఒక్కసారే ఆగారు, అది కూడా మెడలోని టేపు సర్దుకోవడానికి. ఆ టేపు ఎందుకు తెచ్చుకున్నారో అడిగితే చెప్పలేదు.

గేటు బయట, బస్సు ఆగే చోటికి ఎదురుగా, కొత్త బెంచీ ఉంది. సూపర్‌వైజర్ గారిని నెల రోజులు సతాయించి వేయించాను. ఆయన విసిగిపోయి సంతకం పెట్టి మళ్ళీ కిటికీలోకి వెళ్ళిపోయారు. మేమిద్దరం దాని మీద కూర్చున్నాం.

బస్సు ఆగింది. ఆమె దిగింది. ముందు నాన్నని చూసింది, తర్వాత ఆటో కోసం చుట్టూ చూసింది, ఆటో లేదని గ్రహించి సంచి అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"నడిచొచ్చావా నాన్నా?"

"వీణ్ణి అడుగు, రాశాడు."

ఆమె కళ్ళు తుడుచుకుని, నన్ను కాక బెంచీని చూసింది. కాలితో గట్టిగా నెట్టింది. రెండు చేతులతో పట్టి లాగింది.

"ఇది కదలదా?"

"కదలదు. ఇక్కడ గట్టి నేల. నాలుగు కాళ్ళూ అడుగున్నర లోతున సిమెంటులో ఉన్నాయి."

"ఎందుకంత గట్టిగా?"

"మీరు ఎప్పుడొచ్చినా ఇక్కడే ఉండాలని."

ఆమె బెంచీ మీద నా పక్కన కూర్చుంది. మధ్య సందు, నా అంచనాలో, రెండు మిల్లీమీటర్లు.

"ఇంకా తొమ్మిది నెలలుంది. ఉంటావా?" అంది.

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని తెలుసుకోవడానికి నాకు క్షణం పట్టింది. ఉంటానన్నాను.

మాస్టర్ గారు కర్ర బెంచీకి ఆనించి లేచి నిలబడ్డారు. దేన్నీ పట్టుకోకుండానే నిలబడ్డారు. మెడలోంచి టేపు తీశారు.

"లే బాబూ. వీపు ఇటు తిప్పు."

"దేనికి మాస్టర్ గారూ?"

"షాపు తెరుస్తున్నాను. మొదటి షర్టు నీదే." టేపు నా భుజాల మీద పరుచుకుంది. "అమ్మడూ, ఇది ఎప్పటికి కావాలో నువ్వు చెప్పాలి. మామూలు షర్టయితే వారంలో ఇచ్చేస్తాను. మంచిదయితే తీరిగ్గా కుడతాను."

నేను వెనక్కి తిరగబోయాను. కదిలితే కొలత తప్పుతుందని ఆయన కసిరారు.

"తీరిగ్గానే కుట్టు నాన్నా," అంది ఆమె నా వెనక నుంచి. "తొమ్మిది నెలలు టైముంది. మంచిదే కుట్టు."

"అయితే రాసుకో. భుజం పద్దెనిమిది."

నీలం అట్ట నోట్‌బుక్ నా పక్కనే బెంచీ మీద ఉంది. ఆమె దాన్ని తీసుకుని, ఆరు వందల మీటర్ల కింద, పద్దెనిమిది అని రాసింది.